తిండి చూసి కట్టిన ఇళ్ళు

ఫిబ్రవరి దాటాక పెదనందిపాడు, ప్రత్తిపాడు, పర్చూరు వైపు చేలల్లో పత్తి తీతలు అయిపోయి, పీకిన కట్టె అక్కడక్కడా పడి ఉంటుంది. కొన్ని వారాలు కదలకుండా నేలకు ఆని ఉన్న కట్టెను ఒకదాన్ని తీసి తిరగేసి చూడండి. పైభాగం ఎండకు బూడిదరంగు తేలి మామూలుగానే ఉంటుంది. నేలకు ఆనిన వైపు మాత్రం పల్చటి మట్టి పూత కనిపిస్తుంది. గోటితో గీస్తే పెచ్చుగా ఊడి వస్తుంది. ఆ పెచ్చును వెలుతురుకు పెట్టి చూస్తే, అది అలికిన పూత కాదనీ, ఆవగింజ కన్నా చిన్న మట్టి ఉండలను ఒకదానికొకటి అతికించిన గోడ అనీ తెలుస్తుంది. ఒక్కో ఉండనూ ఒక చెదపురుగు నోట కరిచి తెచ్చి, లాలాజలంతో తడిపి, పక్క ఉండకు నొక్కి నిలబెట్టింది. గోడ చాటున బెరడు, బెరడు కింది మెత్తని కట్టె చాలావరకు ఖాళీ అయిపోయి ఉంటాయి.

చెద పట్టిందని కట్టెను విసిరేసే ముందు ఆ గోడ పనితనాన్ని కాసేపు చూడమని నా మనవి. చెదలో పనిచేసే పురుగు ఒళ్ళు మెత్తన. ఎండకు తట్టుకోలేదు, పొడిగాలికి నిలవలేదు, చీమ కంటపడితే బతకలేదు. అందుకని తిండి ముట్టుకోకముందే దాని మీద కప్పు వేసుకుంటుంది. ఆ కప్పు తిండికి ఎంత కావాలో అంతే ఉంటుంది, జానెడు కట్టెకు జానెడే. నేలలోంచి కట్టె దాకా వచ్చే దారికి పైకప్పు ఉంటుంది, ఆ దారికి పక్కన వృథాగా కట్టింది ఏమీ ఉండదు. కట్టె అయిపోయిన రోజున దారిని వదిలేసి వెళ్ళిపోతుంది. తొలకరి వానకు ఆ మట్టి కరిగి చేలో కలుస్తుంది. లోపలి పొరల్లోంచి పైకి వచ్చిన మట్టి అలా పైనే ఉండిపోతుంది.

నేలలో ఏ ప్రాణి ఎక్కడ ఉంటుందన్నది తేమ, వేడి, మట్టి గుల్లదనం, ఇలా చాలావాటిని బట్టి ఉంటుంది. కాదనను. కానీ ఒకే చేలో, ఒకే తడిలో, బారెడు దూరంలో ఉన్న రెండు చోట్ల ఒకచోట గుంపులు గుంపులుగా ప్రాణులుండి, రెండోచోట ఖాళీగా ఎందుకుందని వెతికితే, చాలాసార్లు జవాబు తిండి దగ్గరే దొరుకుతుంది. అంతటితో అయిపోలేదు. ఆ తిండి ఎలాంటిదో, ఎంతకాలం నిలుస్తుందో, దాన్ని ఎవరితో పోటీపడి తెచ్చుకోవాలో, వాటిని బట్టే ఆ ప్రాణి ఇంటి ఆకారం, నోటి ఆకారం, కాళ్ళ ఆకారం కూడా తయారయ్యాయి. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి ఈ పనితనాన్ని చూడటానికి మంచి చోటు. ఈ నేలలో తిండి అంతటా సమంగా పరిచి ఉండదు. పేడ పడిన చోట, వేరు దిగిన చోట, కట్టె మిగిలిన చోట, గట్టు మీద వేపాకు రాలిన చోట, అక్కడో ముద్ద ఇక్కడో ముద్ద అన్నట్టు ఉంటుంది.

మళ్ళీ చెద దగ్గరికే వస్తాను, ఎందుకంటే నాకు తెలిసినంతలో ఈ నేలలో ఇంత గొప్ప పనివాడు ఇంకొకడు లేడు.

మన ప్రాంతంలో పుట్టలు పెట్టే ఓడాంటోటెర్మిస్ జాతుల చెదకు, ఎండు కట్టెలోని గట్టి పదార్థాన్ని సొంతంగా అరిగించుకునే శక్తి చాలదు. అందుకని సేద్యం చేస్తుంది. కట్టెను కొరికి మింగిన పనిపురుగు నేల లోపలి గదికి దిగి, సగం కూడా అరగని ఆ పిప్పిని చిన్న ఉండలుగా విసర్జించి, ఒకదాని మీద ఒకటి పేర్చుతుంది. అలా పేర్చగా పేర్చగా గోధుమ, బూడిద రంగులు కలిసిన ఒక కట్టడం లేస్తుంది. చేత్తో పట్టుకుంటే స్పంజిలా తేలికగా, అన్నివైపులా మడతలు, సందులతో ఉంటుంది. మడతలు ఎందుకంటే, తక్కువ చోటులో ఎక్కువ పైభాగం కావాలి. ఆ పైభాగం మీద ఒక శిలీంధ్రం పెరుగుతుంది. దాని శాస్త్రీయ నామం టెర్మిటోమైసిస్. కట్టెలోని గట్టి పదార్థాన్ని అది విరగ్గొట్టి మెత్తబరుస్తుంది. కొన్నాళ్ళకు మడతల మీద గసగసాలంత తెల్లటి గింజలు వస్తాయి. వాటిని చెద తింటుంది. ఆ గింజల్లోని బీజాలు మళ్ళీ కడుపులో కొత్త పిప్పితో కలిసి కొత్త ఉండలోకి చేరతాయి. అంటే విత్తనం, ఎరువు, గోడ, మూడూ ఒకే ఉండలో పడతాయి. విత్తడానికని వేరే పని లేదు. పాతబడి శిలీంధ్రం బాగా పట్టిన భాగాన్ని ఒకవైపు నుంచి తినేస్తూ, ఇంకోవైపు కొత్త ఉండలు చేరుస్తూ ఉంటాయి గనుక ఆ కట్టడం ఏ రోజుకారోజు కొత్తదే.

ఈ సంగతిని శాస్త్రలోకానికి తొలిసారి చెప్పినవాడికి మన తెలుగునేలతో సంబంధం ఉంది. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ శిష్యుడు. 1768లో వైద్యుడిగా తరంగంబాడి డేనిష్ మిషన్‌కు వచ్చాడు. పుట్టలను తవ్వి చూసి, లోపలి ఈ తోటల గురించి రాసిన వ్యాసం 1779లో జర్మన్ భాషలో అచ్చయింది. ఆఫ్రికా చెద గురించి ఇంగ్లీషువాడు హెన్రీ స్మీత్‌మన్ రాసిన ప్రసిద్ధ వ్యాసం కన్నా అది రెండేళ్ళు ముందు. కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. ఆఖరి రోజుల్లో దగ్గరున్నది సామర్లకోటలో తోటలు పెంచిన విలియం రాక్స్‌బర్గ్. ఇద్దరినీ మొక్కల శాస్త్రం వాళ్ళు తలుచుకుంటారు. పుట్ట తవ్వి చూసిన కోనిగ్‌ను మనం కూడా తలుచుకోవలసినంత పని ఆయన చేశాడు.

తోట ఉన్నాక కలుపు తప్పదు. సూడోజైలేరియా అనే ఇంకో శిలీంధ్రం ఈ గదుల్లో ఎప్పుడూ కాచుకొని ఉంటుంది. చెద లేకుండా ఆ కట్టడాన్ని బయటపెడితే కొద్ది రోజుల్లోనే అది తెల్లగా మొలిచి తోటనంతా కమ్మేస్తుంది. చెద ఉన్నంతకాలం అలా జరగదు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రెనీ బోర్జెస్ బృందం దీని మీద పనిచేసింది. పంట శిలీంధ్రానికీ కలుపు శిలీంధ్రానికీ వాసన తేడాను చెద పసిగడుతుందనీ, కలుపు పట్టిన ముక్కను ఎంచి మట్టితో పూడ్చిపెడుతుందనీ 2017లో ప్రచురించింది. గుడ్డి పురుగు, చీకటి గది, ముక్కుకు తెలిసే తేడాతో కలుపుతీత. మిర్చి చేలో గడ్డి తీసే మన కూలీల కళ్ళకు ఎంత పదును కావాలో తెలిసినవాళ్ళకు ఈ పని విలువ తెలుస్తుంది.

పైకి కనపడే పుట్ట విషయంలో చాలామంది పొరబడతారు. రాణి, పిల్లలు, తోటలు ఉండేది చాలావరకు నేల మట్టానికి కింద. పైన లేచిన పుట్ట గాలి ఆడటానికి. తోటలోని శిలీంధ్రం, లక్షల పురుగులు కలిసి వదిలే బొగ్గుపులుసు వాయువు బయటికి పోవాలి, తేమ మాత్రం లోపలే నిలవాలి. బెంగళూరు ప్రాంతంలోని ఓడాంటోటెర్మిస్ ఒబీసస్ పుట్టల్లో గాలి కదలికను నేరుగా కొలిచి హంటర్ కింగ్, శామ్యూల్ ఓకో, ఎల్. మహాదేవన్ 2015లో ఒక పరిశోధన వెలువరించారు. పగలు పుట్ట అంచుల్లోని పల్చటి గోడలు త్వరగా వేడెక్కి, అక్కడి గాలి పైకి లేచి, నడుమ భాగంలో కిందికి దిగుతుంది. రాత్రి అంచులు ముందు చల్లబడి దారి తిరగబడుతుంది. పగటికీ రాత్రికీ ఉండే వేడి తేడానే పుట్ట ఊపిరిగా వాడుకుంటోంది. ఇక మట్టి సంగతి. మరీ పొడిగా ఉన్న మట్టి ఉండ కాదు, జారిపోయే బురద నిలవదు. తగిన తడి చూసుకొని, నోటి జిగురు కలిపి కట్టిన పుట్ట మట్టి, పక్కనున్న మామూలు మట్టి కన్నా పదింతలు బలంగా ఉన్నట్టు అదే బెంగళూరు సంస్థలో తేలింది. పలుగు వేస్తే ఖణేలుమనే పుట్టను ఎవరైనా ఒప్పుకుంటారు.

నల్లరేగడి చేల నడుమ పుట్టలు తక్కువ. గుంటక, ట్రాక్టరు ఏటా తిరిగే నేలలో తోట నిలవడం కష్టం. అందుకే గట్ల మీద తుమ్మ మొదట్లో, తాటిచెట్టు పక్కన, బీడు అంచున పుట్ట ఉంటుంది. అక్కడి నుంచి నేల లోపల సన్నటి దారులు పదుల మీటర్ల దూరం చేలోకి సాగుతాయి, ఎక్కడ కట్టె ఉంటే అక్కడికి. గట్టి వాన పడ్డాక గట్టు వార నిజమైన పుట్టగొడుగులు లేచేది ఈ తోటల మీదనుంచే. పొడవాటి కాడతో మట్టిని చీల్చుకొని వస్తాయి. వాటిని ఏరి కూరొండుకునే అదృష్టం ఉన్నవాళ్ళకు ఆ రుచి చెప్పక్కర్లేదు. ఇంత శాస్త్రం పెరిగినా ఈ పుట్టగొడుగును మనిషి ఇప్పటికీ వాణిజ్యంగా పండించలేకపోతున్నాడు. చెదే పండించాలి.

చెద తిండి నెలల తరబడి నిలిచే తిండి. పేడ అలా కాదు. మార్చి ఎండలో గేదె పేడకడి పూట గడిచేసరికి పైన అట్ట కడుతుంది, ఇంకొన్నాళ్ళకు పిడక అవుతుంది. ఈగలు, చీమలు, కోళ్ళు, అందరూ దాని మీదే. అందుకని పేడపురుగుల పనితనమంతా తొందరలో ఉంది. తేమ ఉన్న కాలంలో పేడ పడిన నిమిషాల్లోనే వాసన పట్టి వచ్చి వాలతాయి. వచ్చినవాటిలో మూడు తీర్లు. కొన్ని చిన్న జాతులు ఆ పేడలోనే కాపురం పెట్టి అందులోనే గుడ్లు పెడతాయి. కొన్ని పేడను ఉండచేసి వెనక్కాళ్ళతో దొర్లించుకుంటూ, గుంపుకు దూరంగా తీసుకుపోయి పాతిపెడతాయి. మన చేలల్లో ఎక్కువగా కనపడే ఆంథోఫేగస్ జాతులవి మూడో తీరు, పేడ ఎక్కడ పడితే సరిగ్గా దాని కిందే బొరియ తీస్తాయి.

ఈ మూడో తీరు దగ్గర కాస్త ఆగాలి. ఎండు పేడకడిని లేపి చూస్తే కింద నేలలో పెన్సిలు పట్టేంత కన్నాలు, వాటి పక్కన తవ్వి పోసిన తాజా మట్టి కుప్పలు కనపడతాయి. కన్నం వెంట జాగ్రత్తగా తవ్వుకుంటూ పోతే, అడుగున బొటనవేలి కణుపంత పేడ ముద్ద దట్టంగా కూరి ఉంటుంది. దాని ఒక కొసన చిన్న గది, గదిలో ఒకే ఒక గుడ్డు. ఒక బిడ్డకు ఒక గది, పుట్టిన దగ్గర్నుంచి రెక్కలొచ్చేదాకా సరిపోయే తిండి ఆ గది గోడలే. పెద్ద పురుగు నోటితో పేడలోని రసాన్ని, అందులోని అతి సన్నని నలుసులను మాత్రమే వడకట్టి తాగుతుంది. పిల్లకు నమిలే దవడలుంటాయి, అది పిప్పి తింటుంది. ఒకే పేడలో తల్లిదొక తిండి, బిడ్డదొక తిండి. కొన్ని జాతుల్లో మగపురుగు తల మీద కొమ్ములుంటాయి. బొరియ వాకిట్లో నిలబడి వేరే మగపురుగును లోపలికి రానివ్వకుండా నెట్టడానికి అవి. ఆంథోఫేగస్ టారస్ అనే జాతి మగపురుగు తన బరువుకు 1141 రెట్లు లాగగలదని 2010లో కొలిచారు.

ఈ పని వల్ల చేనుకు జరిగే మేలును ఆస్ట్రేలియా లెక్కగట్టి మరీ కొన్నది. అక్కడి సొంత పేడపురుగులకు కంగారూల గట్టి పెంటికలే అలవాటు. ఇంగ్లీషువాళ్ళు తెచ్చిన పశువుల పేడను అవి ముట్టలేదు. మేత నేలలు పేడ అట్టలతో నిండిపోయి, ఈగలు పెరిగిపోయాయి. జార్జ్ బోర్నెమిజా అనే శాస్త్రవేత్త చొరవతో 1960ల్లో ఆఫ్రికా, యూరప్‌ల నుంచి పేడపురుగులను తెప్పించి వదలడం మొదలుపెట్టారు. తిండి ఉన్నా, ఆ తిండికి తగిన నోరు, కాళ్ళు ఉన్న పురుగు లేకపోతే ఏమవుతుందో ఒక దేశం మొత్తం చూసింది.

మనకు ఆ పురుగులు ఊరకే ఉన్నాయి. మిర్చి వేయబోయే చేలో గొర్రెల మంద పెట్టించడం ఈ జిల్లాల పాత అలవాటు. కాపరులు రాత్రిళ్ళు మందను చేలో నిలుపుతారు, రైతు అందుకు డబ్బో తిండిగింజలో ఇస్తాడు. మంద లేచిపోయిన చోట పెంటికలు, మూత్రం పరుచుకొని ఉంటాయి. చిన్న పెంటికలను ఉన్నవి ఉన్నట్టే దొర్లించుకుపోయే పురుగులు, కిందికి లాగే పురుగులు తొలకరి తడి తగలగానే పనిలోకి దిగుతాయి. ఎరువును లోపలికి దించే కూలి వాటిదే. ఒక్క చిక్కుంది. గొర్రెలకు నట్టలకని వాడే ఐవర్‌మెక్టిన్ లాంటి మందు పేడలో కొన్నాళ్ళు ఉండిపోయి, అందులో పుట్టే పేడపురుగు పిల్లలను చంపుతుంది. మందు వేయించిన మందను వెంటనే చేలో దించకుండా కొన్ని రోజులు ఆగడం మేలని నేననుకుంటాను.

వానపాముల గురించి మన రైతులకు ఒక చేదు అనుభవం ఉంది. వర్మీ కంపోస్టు తొట్టిలో గుప్పెళ్ళ కొద్దీ పెరిగిన ఎర్రలను తెచ్చి పత్తి చేలో వదిలితే నాలుగు రోజులకు ఒక్కటీ కనపడదు. మోసపోయామనుకుంటారు. మోసమేమీ లేదు. తొట్టిలో పెంచే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనీ కుళ్ళుతున్న చెత్తలో, పేడలో బతికే జాతులు. వాటికి చెత్తే తిండి, చెత్తే ఇల్లు. బోసి నల్లమట్టిలో వాటికి తినడానికి ఏమీ లేదు. చేను మట్టిలో బతికే వానపాము వేరు. దక్షిణ భారతమంతటా కనిపించే లాంపిటో మారిషీ అలాంటిది. ఆకు చెత్తనూ, సేంద్రియ పదార్థం కలిసిన మట్టినీ తింటూ మీది పొరల్లో తిరుగుతుంది. చలికాలం పొద్దున తడి నేల మీద ముద్దలు ముద్దలుగా పోసిన విసర్జన మట్టి అలాంటి వానపాములదే. ఫ్రాన్స్ శాస్త్రవేత్త మార్సెల్ బూషే 1970ల్లో వానపాములను చెత్తలో ఉండేవి, మట్టి తింటూ అడ్డంగా బొరియలు చేసేవి, నిలువు బొరియలో ఉంటూ పైకి వచ్చి ఆకు లాక్కుపోయేవి అని విడదీశాడు. తిండి ఎక్కడుందన్న ఒక్క ప్రశ్నతో మూడు రకాల ఒళ్ళు, రంగులు, కదలికలు తేలిపోయాయి.

ఆకు లాక్కుపోయేవాటి నేర్పును చార్లెస్ డార్విన్ చనిపోయే ముందు ఏడాది, 1881లో వేసిన పుస్తకంలో పేజీలకు పేజీలు రాశాడు. వానపాములు ఆకును ఏ కొసతో పట్టి బొరియలోకి లాగుతున్నాయో లెక్కపెట్టాడు. ముక్కోణపు కాగితం ముక్కలు కత్తిరించి వేసి చూశాడు. ఎక్కువసార్లు సన్నటి కొసనే పట్టుకున్నాయి, బొరియలోకి సులువుగా దిగేది ఆ కొసే. ఇక మట్టి తినే వానపాము నేర్పు ఇంకో తీరు. మట్టిలో తిండి చాలా పల్చగా ఉంటుంది. అందుకని మింగిన మట్టిలోకి ముందు తన జిగురును, నీటిని కలుపుతుంది. ఆ జిగురు తిని, మట్టిలో నిద్రపోతున్న సూక్ష్మజీవులు లేస్తాయి. లేచినవి వానపాము అరిగించుకోలేని పదార్థాన్ని అరిగిస్తాయి. ముందు పెట్టుబడి, తర్వాత రాబడి.

నల్లరేగడిలో వేసవి వానపాముకు గడ్డుకాలం. నేల నెర్రెలిచ్చి, మీది పొర పూర్తిగా ఎండిపోతుంది. వానపాములు లోపలికి దిగి చిన్న గదిలో ఉండలు చుట్టుకొని వానల కోసం ఆగుతాయి. అయితే ఆ నెర్రెల వల్లే ఒక మేలు కూడా ఉంది. మీటరు లోతు దాకా తెరుచుకున్న నెర్రెలోకి ఎండుటాకు, పత్తి గుల్ల, గడ్డిపరక, పెంటిక జారి పడతాయి. వాన పడి నెర్రె మూసుకున్నాక అవన్నీ లోతున ఇరుక్కుపోతాయి. ఎర్ర చెలకలో పైనే ఉండిపోయే తిండి నల్లరేగడిలో ఇలా కిందికి చేరుతుంది, దాని వెంట తినేవాళ్ళూ చేరతారు. తనను తాను దున్నుకునే నేల అని మన రైతులు అనేది అందుకే. తనకు తాను వడ్డించుకునే నేల అని కూడా అనాలి.

కంటికి కనపడనివాటి గురించి రెండు మాటలు. వేరు చుట్టూ ఉండే పల్చటి మట్టి పొరలో, దూరంగా ఉన్న మట్టిలో కన్నా బాక్టీరియా ఎన్నో రెట్లు ఎక్కువ. ఎందుకంటే మొక్క వేరు నుంచి చక్కెరలు, ఆమ్లాలు ఊరిస్తుంది. లోరెంజ్ హిల్ట్‌నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1904లోనే ఈ పొరకు ప్రత్యేకమైన పేరు పెట్టాడు. బాక్టీరియా ఉన్నచోటికి వాటిని తినే నులిపురుగులు చేరతాయి, వాటిని తినే నులిపురుగులు కూడా. సూక్ష్మదర్శిని కింద నోరు చూసి దాని తిండి ఏమిటో చెప్పేయవచ్చు. బాక్టీరియా తినేదానికి తెరిచిన గొట్టం, సాటి నులిపురుగును తినేదానికి పళ్ళు, మొక్క వేరును పీల్చేదానికి సూది. మిర్చి వేళ్ళ మీద బొడిపెలు తెప్పించే నులిపురుగుది సూది నోరే. అర మిల్లీమీటరు కూడా లేని పిల్ల, వేరు కొసలోంచి దూరి, నాలుగైదు కణాలను పెద్దవిగా ఉబ్బించి, వాటి దగ్గరే తల ఆనించి కూర్చుంటుంది. ఆడదైతే మళ్ళీ ఆ చోటు వదలదు. మిర్చి రైతుకు అది శత్రువే, కానీ తిండి ఉన్న చోటనే కదలకుండా ఉండిపోవడానికి దాని ఒళ్ళు ఎంత మారిందో చూస్తే ఆశ్చర్యం కలగక మానదు. బంతి వేళ్ళలో దీన్ని చంపే పదార్థం ఉంది. చేలో బంతి వేసే అలవాటు వెనుక ఆ లాభమూ ఉంది.

ఎండుటాకు కింద బూజు తింటూ బతికే స్ప్రింగ్‌టెయిల్ అనే చిన్న ప్రాణులు మరో వింత. ఆకు మీద తిరిగే జాతులకు కళ్ళు, రంగు, ప్రమాదం రాగానే ఎగరడానికి తోక కింద మడిచిన కొక్కెం ఉంటాయి. మట్టి లోతుల్లో బతికేవి తెల్లగా, గుడ్డిగా ఉంటాయి, ఎగిరే కొక్కెం చిన్నబోయింది లేదా పూర్తిగా పోయింది. వేళ్ళ సందుల్లో ఎగరడానికి చోటెక్కడ? వాటి చర్మం నీటిని అంటనివ్వదు. బురదలో ఉన్నా మన్నంటని కుమ్మరి పురుగును మన వేదాంతులు ఉపమానం చేశారు. వాళ్ళ కంటికి ఆనలేదు గానీ ఇవి కూడా ఆ మాటకు తగినవే.

తిండి చోటునే కాదు, వేళను కూడా నిర్ణయిస్తుంది. ఆరుద్ర కార్తె వానలకు ఎర్రటి మఖమల్ ఒంటితో నేల మీదికి వచ్చే ఆరుద్ర పురుగును పల్లెటూళ్ళో పెరిగిన ప్రతివాళ్ళూ అరచేతిలో పెట్టుకొని చూసి ఉంటారు. ఏడాదంతా ఎక్కడుందో తెలియదు. ఆ వానలకే పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి, మనవాళ్ళు బియ్యప్పిండితో వేయించుకు తినేవి. వీటి రాకా వాటి రాకా ఒకేసారి కావడం ఊరికే జరిగింది కాదు. కాలిఫోర్నియా ఎడారిలో ఆరుద్ర పురుగుకు దగ్గరి చుట్టమైన జాతి మీద 1962లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, అది ఏడాదిలో కొద్ది గంటలే బయటికి వస్తుంది, అదీ వాన వెనక చెద రెక్కలతో లేచి నేల మీద పడే వేళకు. కడుపునిండా తిని మళ్ళీ ఇసుకలోకి దిగిపోతుంది.

ఈ లెక్కకు లొంగనివి కూడా ఉన్నాయి. 2021–22లో గుంటూరు, ప్రకాశం మిర్చిని ఊడ్చేసిన నల్ల తామర పురుగు ఎక్కువగా పూల మీద తింటుంది. కానీ రెక్కలు రావడానికి ముందు దశలో నేలకు రాలి, మట్టిలో, ఎండుటాకు కింద దాక్కుంటుంది. ఆ దశలో అది ఏమీ తినదు. దాని చోటు తిండి చెప్పిన చోటు కాదు. అయితే ఆ రోజుల్లో తనే తిండి అవుతుంది. మట్టిలో తిరిగే వేటనల్లులు దాన్ని వెతికి తింటాయి. ఆ నల్లులు చేలో ఎప్పుడూ ఉండాలంటే, తామర పురుగు లేని నెలల్లో కూడా వాటికి స్ప్రింగ్‌టెయిళ్ళూ నులిపురుగులూ దొరకాలి. వాటికి బూజు దొరకాలి. బూజుకు చెత్త దొరకాలి.

అక్కడికి వచ్చేసరికి మన చేలు ఖాళీ. పత్తి కట్టె పొయ్యిలోకో మంటలోకో పోతుంది. మిర్చి కాయ యార్డుకు పోతుంది, మొక్క పీకి గట్టు మీద పడేస్తారు. మార్చి నుంచి జూన్ దాకా నేల బోడిగా ఎండుతుంది. పశువులు తగ్గాయి గనుక పేడా తగ్గింది. ఉన్న పేడను కూడా ఎలా వేయాలన్నది పాతవాళ్ళకు తెలుసు. చిలకలూరిపేట పక్కన ఒక చేలో తండ్రీ కొడుకుల మాట విన్నాను. “దిబ్బ ఖాళీ చేద్దాం నాన్నా, ట్రాక్టరు ఖాళీగా ఉంది” అన్నాడు కొడుకు. “పచ్చి పెంట తోలితే చెదనీ వేరుపురుగునీ పిలిచి పీటేసినట్టేరా అబ్బాయ్, మాగనీ” అన్నాడు పెద్దాయన. ఎరువు మాగాక అందులో మిగిలే తిండి వాటికి పనికిరాదు, వానపాముకూ సూక్ష్మజీవికీ పనికొస్తుంది. ఏ తిండి పెడితే ఎవరొస్తారో ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు.

గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. శాస్త్రవేత్త రత్తన్ లాల్, ఈజిప్టు సంస్థ సెకెమ్‌తో కలిపి ఇచ్చారు. అందులో అందరూ మాట్లాడేది పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి కలిపే జీవామృతం గురించి. నా మటుకు నాకు అందులో అసలు పనితనం ఇంకోచోట కనిపిస్తుంది. వానలకు ముందే పొడి నేలలో, మట్టీ ఘనజీవామృతమూ పట్టించిన నవధాన్యాల గింజలను విత్తి, పైన చెత్త కప్పి, వేసవిలో కూడా నేల మీద పచ్చదనం ఉండేలా చూడటం. డ్రమ్ములో ఎన్ని కోట్ల సూక్ష్మజీవులను పెంచి పోసినా, చేలో తినడానికి లేకపోతే తొట్టి ఎర్రలకు పట్టిన గతే వాటికీ పడుతుంది. ఏడాది పొడుగునా వేరు ఒకటి బతికి ఉండి ఊట ఇస్తుంటే, రమ్మని ఎవరూ పిలవనక్కర్లేదు.

పత్తి కట్టె విషయంలో ఒక పీటముడి ఉంది. గులాబీ రంగు పురుగు పాత కాయల్లో, కట్టెలో దాక్కొని మరుసటి పంటకు వస్తుంది గనుక, పంటను డిసెంబరు, జనవరికల్లా ముగించి కట్టె లేకుండా చేయమంటారు వ్యవసాయ శాస్త్రవేత్తలు. అది సబబే. తగలబెడితే పురుగుతో పాటు నేల తిండి కూడా పోతుంది. కట్టెను ముక్కలు చేసే ష్రెడ్డరు వచ్చాక రెండూ కుదిరే దారి దొరికింది. మిషను కాయనూ కట్టెనూ వేలెడంత ముక్కలుగా నలిపేస్తే పురుగుకు చోటు ఉండదు. ఆ ముక్కలను గొర్రుతో మట్టిలో కలిపి వదిలేస్తే, తడి తగిలిన కొద్ది రోజులకే ముందు చక్కెర తినే బూజులు పడతాయి. బూజు వెనక స్ప్రింగ్‌టెయిళ్ళు, ఆకుతినే నల్లులు, వాటి వెనక వేటనల్లులు. గట్టు మీది పుట్టలోంచి చెద దారి తీసి, గట్టి ముక్కలను ఎంచుకొని మోసుకుపోతుంది. తొలకరి దాటి ముక్కలు చివికి నల్లబడ్డాక, లోతున ఉండ చుట్టుకొని ఉన్న వానపాము మీది పొరలోకి వస్తుంది. ఆగస్టులో మిర్చి నారు నాటడానికి పాదు తీసేటప్పుడు పార అంచున అది కనపడితే, కట్టె ఎంతవరకు అరిగిందో అంచనా వేసుకోవచ్చు.